ఓపెన్‌కు వ్యతిరేకం

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
జూన్

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటే అని అడిగావు. మీ ఫోను హాల్లో ఉంది, మా ఫోను యజమాని బల్ల మీద ఉంది. నువ్వు తుమ్మితే మీ ఇంట్లో అందరికీ, నేను దగ్గితే ఇక్కడ అందరికీ తెలుస్తుంది. ఉత్తరమే నయం.

కొత్త పుస్తకం మొదలుపెట్టాం. బడిపిల్లలకి ఇంగ్లీషు వ్యతిరేక పదాలు. ఇలాంటివి బజార్లో బోలెడున్నాయి కదా అంటావేమో. వాటన్నిటిలో ఒక మాటకి ఒక్కటే వ్యతిరేకం ఉంటుంది. హార్డ్‌కి సాఫ్ట్, అంతే. మరి లెక్క హార్డ్‌గా ఉంటే దానికి వ్యతిరేకం సాఫ్టా? కాదు, ఈజీ. మా పుస్తకంలో మాటకి కాదు, అర్థానికి వ్యతిరేకం ఇస్తున్నాం. ఎన్ని అర్థాలుంటే అన్ని. ఇంతవరకూ పిల్లల కోసం ఎవరూ ఇలా వెయ్యలేదట.

పని చూడ్డానికి సులువే. ఒక వాక్యం రాస్తాం. అందులోంచి మాట తీసేసి దాని వ్యతిరేకం పెడతాం. మిగతా వాక్యంలో ఒక్క ముక్క కూడా కదపకుండా అది నిలబడాలి. నిలబడకపోతే కొట్టెయ్యడమే. బడిపిల్లలకి తెలియని మాట ఎంత సరైనదైనా పెట్టకూడదు. వాక్యాలు ఇంకో పుస్తకంలోంచి ఎత్తితే యజమాని ఊరుకోరు. "మీ మీ ఇళ్లలోంచి తెండి. ఇళ్లు లేవా మీకు?" అంటారు. అందుకని హార్డ్‌కి నీ దిండు వాడుకున్నాను. "మా అక్క దిండు హార్డ్‌గా ఉంటుంది, అయినా ఎవరికీ ఇవ్వదు." కోప్పడకు. నిజమే కదా.

ఈ గదిలో నలుగురం. యజమాని, నేను, టైపు చేసే అమ్మాయి, ప్రూఫులు దిద్దే గొడుగు మాస్టారు. ఎండైనా వానైనా ఆయన చేతిలో గొడుగుండాలి. బస్సు టికెట్టు మీద అచ్చుతప్పు కనిపిస్తే పెన్నుతో దిద్ది కండక్టరుకి చూపించే మనిషి. ప్రూఫులు మాత్రం ఇంటికి పట్టుకెళ్తారు, ఇక్కడ వెలుతురు చాలదని. ఆయనకి తప్ప ఇంకెవరికీ కాగితం గడప దాటించే హక్కు లేదు. నేను నీకు రాయడం కూడా నిజానికి తప్పే. కానీ బయటి మనిషి ఒకరు చదివి చూస్తేనే గదా ఎక్కడ తడబడతారో తెలిసేది? నువ్వు అటు బయటిదానివీ కావు, ఇటు లోపలిదానివీ కావు.

వెనక పేజీలో లైట్, డ్రై, ఫెయిర్ ఉన్నాయి. బావనీ పాపనీ కూర్చోబెట్టి వాక్యాలు చదివి వినిపించు. వ్యతిరేకం వాళ్ల నోటికి ఏదొస్తే అది రాసి పంపు. పుస్తకం బాగా వస్తే అట్ట మీద సంపాదకురాలని నా పేరు వేస్తారట. అప్పుడు నీ దిండుకీ పేరొస్తుంది.

నీ పొట్టి


ఇల్లు, వంటగది
జూలై

పొట్టీ,

నా దిండు జోలికి రావద్దు. అది నా మెడ కోసం డాక్టరు చెప్పింది. ఈ సంగతి కూడా వాక్యంలో పెట్టు.

నీ ఉత్తరం నేను చదవలేదు, మీ బావ చదివారు. రాత్రి భోజనాల బల్ల దగ్గర నీ ఉత్తరం విప్పి, రేడియోలో వార్తలు చదివినట్టు గట్టిగా చదవడం ఆయనకి అలవాటైపోయింది. "పొట్టి పంపింది, నిశ్శబ్దం!" అని గరిటెతో బల్ల మీద కొడతారు. మేం వినాలి. లైట్ అనగానే పాప డార్క్ అంది. సూట్‌కేసు లైట్‌గా ఉందంటే మాత్రం కాసేపు ఆలోచించి "ఖాళీ" అంది. నవ్వి నవ్వి చచ్చాం. డ్రై దగ్గర నేను వెట్ అని ఊరుకున్నాను, ఆయన మాత్రం డ్రై ఉపన్యాసం, డ్రై మనిషి, పాలివ్వని డ్రై ఆవు అంటూ ఎక్కడెక్కడికో వెళ్లారు. ఆవు గురించి ఎలా తెలుసని అడిగితే, బళ్ల చుట్టూ తిరిగేవాడికి అన్నీ తెలుస్తాయన్నారు.

ఆయన ఏజెన్సీ మారారు. నోటుపుస్తకాలు వదిలేసి బడి పుస్తకాలు అమ్ముతున్నారిప్పుడు. కొత్త బ్యాగు ఇచ్చారు. దానికి రోజూ పాలిషే. చాలాకాలం తర్వాత ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్తున్నారు, నేనేమీ అడగడం లేదు.

మా పత్రికలో నన్ను మళ్లీ కోర్టు వార్తలకి వేశారు. రోజంతా సాక్షులు చెప్పేది వినడమే. ఒకడు చెప్పింది రాయకు, ఇద్దరు చెప్పింది రాయి, మూడోవాడు కాదన్నాడేమో కూడా రాయి. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే.

ఇంకా పంపు. మీ బావ అడుగుతున్నారు.

అక్క


అద్దె గది
ఆగస్టు

అక్కా,

ఆఫీసులో కూర్చుని రాసేలా లేదు, గదికి తెచ్చుకున్నాను.

మార్కెట్ వీధి చివర ఉన్న పెద్ద కంపెనీ, మా పోటీవాళ్లు, బళ్లకి మచ్చు పేజీలు పంచారు. రాబోయే పుస్తకం ప్రకటన. పేరు వేరు గానీ సరుకు మాదే. ఒక్కో అర్థానికి ఒక్కో వ్యతిరేకం. ఒక హెడ్‌మాస్టరు యజమానికి ఫోన్ చేసి, "ఇద్దరూ కలిసి వేస్తున్నారా?" అని అడిగారట. యజమాని ఆ పేజీలు తెప్పించి మా బల్లల మీద పడేశారు. మొదటి పేజీలోనే ఉంది: "మా అక్క దిండు హార్డ్‌గా ఉంటుంది, అయినా ఎవరికీ ఇవ్వదు."

నీ దిండు, అక్కా. వాళ్ల పుస్తకంలో.

"ఎవరి చేతిలోంచి పోయింది?" అన్నారు యజమాని. టైపు అమ్మాయి ఏడుపు మొదలెట్టింది. మాస్టారు గొడుగు పిడి పట్టుకుని కూర్చున్నారు. నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కదాని చెప్పేశాను. పోయిన నెలలో రెండుసార్లు మాస్టారు ఆ కంపెనీ ఉన్న భవనంలోకి వెళ్లడం బస్సులోంచి చూశాను.

"వెళ్లారా?" అన్నారు యజమాని.

"వెళ్లాను," అన్నారు మాస్టారు.

"ఎందుకు?"

"అది నా సొంత పని."

కాగితాలు ఇంటికి పట్టుకెళ్లేది ఆయనొక్కరే. ఆ భవనంలోకి వెళ్లింది ఆయనే. యజమాని ఆయన్ని ఇంటి దగ్గర ఉండమన్నారు. దొంగ ఆయనేనని రుజువైతే ఊళ్లోని ప్రెస్సులన్నిటికీ ఉత్తరం రాస్తారట, ఇంకెవరూ ఆయనకి ప్రూఫులివ్వకుండా. ఆయనకి ఇంకో పని రాదక్కా. ఈ వయసులో నేర్చుకోలేరు కూడా.

మాస్టారు వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "ఫెయిర్‌లో మూడో వాక్యం ఇంకోసారి చూడమ్మా, నిలబడదు" అన్నారు. చూశాను. నిలబడలేదు.

నీకు రాసే ఉత్తరాల సంగతి యజమానికి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందంటావా?

పొట్టి


పత్రికాఫీసు, రిపోర్టర్ల గది
సెప్టెంబరు

పొట్టీ,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ నా చేతికే ఇచ్చాడు. నేనే చదివాను. బల్ల దగ్గర ఎవరికీ చదివి వినిపించలేదు.

నువ్వు చూసిందేదో, అనుకుందేదో విడదియ్యి. మాస్టారు భవనంలోకి వెళ్లడం చూశావు. కంపెనీలోకి వెళ్లడం చూశావా? ఆ భవనంలో ఇంకా ఏమేం ఉన్నాయి? బయట బోర్డులుంటాయి కదా, చదివావా? చదవకుండా యజమాని ముందు నోరు విప్పావంటే పొరపాటు చేశావు. మా పత్రికలో అయితే నీ చేత క్షమాపణ వేయించేవాళ్లు.

రెండోది. వాళ్ల పేజీలో ఉన్న వాక్యం మీ దగ్గర ఏ దశలోది? చేతిరాతలోదా, టైపు చేసిందా, దిద్దినదా? అక్షరం అక్షరం పోల్చు. మనుషుల మొహాలు చూసి ఏమీ తేలదు. కోర్టులో అందరికన్నా అమాయకంగా కనిపించేది ఎప్పుడూ ముద్దాయే.

మూడోది. దీనివల్ల ఎవరికి లాభం?

ఇకమీదట నాకు ఆఫీసు చిరునామాకే రాయి. ఇంట్లో పాప కాగితాలన్నీ చింపి పడవలు చేస్తోంది. యజమానికి మన ఉత్తరాల సంగతి ఇప్పుడే చెప్పకు. ముందు పోల్చి చూడు.

ఇంట్లో కొత్త విశేషాలేమీ లేవు.

అక్క


ఆఫీసు, మూడో అంతస్తు
అక్టోబరు

అక్కకు,

నువ్వు అడిగినవన్నీ చేశాను.

ఆ భవనం ముందు నిలబడి బోర్డులు చదివాను. కింద బూట్ల దుకాణం, మొదటి అంతస్తు పోటీ కంపెనీ, రెండో అంతస్తు పళ్ల డాక్టరు. మెట్లెక్కి డాక్టరు దగ్గర పనిచేసే ఆవిణ్ణి అడిగితే, "గొడుగాయనా? పై వరస కట్టించుకుంటున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు" అని నాకు చెప్పేసింది. మాస్టారు పళ్లు కట్టించుకుంటున్న సంగతి దాచుకున్నారు. అంతే.

వాక్యం కూడా పోల్చాను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. "మా అక్క దిండు హార్డ్‌గా ఉంటుంది, అయినా ఎవరికీ ఇవ్వదు." హార్డ్ తీసేసి సాఫ్ట్ పెట్టు. మెత్తటి దిండైతే "అయినా" ఎందుకు? నా వాక్యం పరీక్షకి నిలబడదు. మాస్టారు మొదటి ప్రూఫులోనే "అయినా" కొట్టేశారు. "మా అక్క దిండు హార్డ్‌గా ఉంటుంది, దాన్ని ఎవరికీ ఇవ్వదు" అని దిద్దారు. వాళ్ల మచ్చు పేజీలో "అయినా" అలాగే ఉంది. అంటే మాస్టారు దిద్దకముందే పోయింది. బస్సు టికెట్టులో తప్పు ఓర్చుకోలేని మనిషి తప్పుడు వాక్యాన్ని అమ్ముతాడా? యజమానితో అదే అన్నాను. "కావాలనే అలా వదిలేసి ఉంటాడు. తెలివైన దొంగ ఎందుకు కాకూడదు?" అన్నారాయన. పుస్తకం వచ్చేదాకా చూస్తారట. అప్పటికీ ఇంకెవరూ తేలకపోతే ప్రెస్సులకి ఉత్తరం రాస్తారట.

దిద్దకముందు ఆ వాక్యం చూసింది ఎవరెవరా అని లెక్క వేశాను. నేను. టైపు అమ్మాయి. యజమాని. మాస్టారు. ఇంకెవరైనా ఉన్నారేమో ఆలోచిస్తున్నాను.

దీనితో ఓపెన్ అనే మాట పేజీ పంపుతున్నాను. చెయ్యి నొప్పిగా ఉంది, అందుకే టైపు చేశాను. తలుపు ఓపెన్ అయితే వ్యతిరేకం షట్. ప్రశ్న ఓపెన్ అయితే సెటిల్డ్. గాయం ఓపెన్ అయితే హీల్డ్. మనిషి ఓపెన్ అయితే కేజీ, అంటే మనసులోది బయటపడనివ్వని మనిషి. దానికి వాక్యం: "మా బావ చాలా ఓపెన్ మనిషని వీధిలో అందరికీ తెలుసు."

ఆఫీసుకి రాయమన్నావు కదూ. మరిచిపోయి కవరు మీద ఇంటి చిరునామాయే రాశాను. కొట్టేస్తే బాగుండదని అలాగే ఉంచాను.

బావ ఎలా ఉన్నారు? పోయిన ఉత్తరంలో ఆయన ఊసే లేదు. ఏ కంపెనీ పుస్తకాలు అమ్ముతున్నారు?

నీ చెల్లి


పత్రికాఫీసు
నవంబరు

చెల్లికి,

పేజీ అందింది. వారమంతా బల్ల మీదే ఉంది. పాప చదివి, కేజీ అంటే ఎన్ని గ్రాములని అడిగింది. మీ బావ బాగానే ఉన్నారు.

మాస్టారి సంగతి కనుక్కున్నందుకు సంతోషం. ఆయన ఇంటికి ఒకసారి వెళ్లి రా. వట్టి చేతుల్తో వెళ్లకు.

నీ చెయ్యి తగ్గిందా? ఏ చెయ్యి?

పనిలో ఉన్నాను. తీర్పులు వరసగా వస్తున్నాయి.

అక్క


అద్దె గది
జనవరి

అక్కకు,

పోటీవాళ్ల పుస్తకం వచ్చింది. బజార్లో కొన్నాను. నా ముందు తెరిచి ఉంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఓపెన్ పేజీలు నాలుగు తయారు చేశాను. నాలుగూ ఒకటే, మనిషి దగ్గర మాత్రం వ్యతిరేకం మార్చాను. యజమాని సొరుగులో ఉన్నదాంట్లో సీక్రెటివ్. టైపు అమ్మాయికి ఇచ్చినదాంట్లో గార్డెడ్. మాస్టారి ఇంటికి పండ్లతో పాటు పట్టుకెళ్లినదాంట్లో రిజర్వ్‌డ్. నాలుగూ సరైనవే, ఎవరికీ అనుమానం రాదు. నీకు పంపినదాంట్లో కేజీ.

వాళ్ల పుస్తకంలో ఓపెన్ మనిషికి వ్యతిరేకం కేజీ అని ఉంది. బడిపిల్లల పుస్తకంలో ఆ మాట ఇంకెవరూ వెయ్యరు. వాక్యం కూడా నాదే. ఒక్క ముక్క మార్చారు. "మా మామయ్య చాలా ఓపెన్ మనిషని వీధిలో అందరికీ తెలుసు" అని ఉంది. బావని మామయ్య చేశారు. ఎవరికి అనిపిస్తుందక్కా, ఆ ఒక్క మాట మార్చాలని?

ఆ పేజీ పోస్టు చేసిన రోజు నీ మీద అనుమానంతోనే చేశాను. మీ ఆయన మీద కాదు, నీ మీద. ఎవరికి లాభమని అడిగింది నువ్వు. ఇంటికి రాయొద్దన్నది నువ్వు. యజమానికి చెప్పొద్దన్నది నువ్వు. ఇంట్లో విశేషాల్లేవన్నది నువ్వు. మీ ఆయన ఏ కంపెనీకి పనిచేస్తున్నారని అడిగితే చెప్పలేదు. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని, నువ్వు రాసినవి వదిలేసి రాయనివి వెతుక్కుంటూ కూర్చున్నాను. చెల్లెలు చెయ్యాల్సిన పని కాదని తెలుసు.

ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వా, ఆయనా?

యజమాని ప్రెస్సులకి రాసే ఉత్తరం టైపు అయిపోయింది. టైపు చేసిన అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నాకు చూపించింది. వచ్చే సోమవారం పోస్టు చేస్తారు. నాలుగు పేజీల సంగతి ఇంకా ఆయనకి చెప్పలేదు. చెప్తే కాగితం నీ ఇంట్లోంచి పోయిందని చెప్పాలి. చెప్పకపోతే ఒక మనిషి బతుకు పోతుంది. నీ జవాబు కోసం సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత చూడను.

చెల్లి


ఇల్లు, వంటగది
జనవరి

పొట్టీ,

నేను కాదు.

నీ పేజీ విప్పగానే అది ఎర అని తెలిసింది. నువ్వు నాకు టైపు చేసి ఎప్పుడూ పంపలేదు. చెయ్యి నొప్పి అన్నావు, కవరు మీద చిరునామా మాత్రం ముత్యాల్లాంటి నీ రాతలోనే ఉంది. బడిపిల్లలకి తెలియని మాట పెట్టకూడదని నీ మొదటి ఉత్తరంలోనే చెప్పావు. కేజీ అనే మాట మా పత్రికలో కూడా ఎవరూ వాడరు. ఇవన్నీ చూసి ఆ కాగితాన్ని నా బ్యాగులో దాచెయ్యొచ్చు. దాచలేదు. భోజనాల బల్ల మీద, ఉప్పుగిన్నె కింద పెట్టాను.

ఎందుకంటే నాకూ తెలుసుకోవాలని ఉంది. ఆగస్టులో నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆయన మీద అనుమానం ఉంది. ఆయన మారింది ఆ కంపెనీకే. ఆ బ్యాగు వాళ్లదే. కానీ అది ఒక్క సాక్ష్యం. ఒక్కదానితో నేను పరాయివాడి మీద కూడా వార్త రాయను, మొగుడి మీద ఎలా రాసేది? రెండోది కావాలి. నువ్వు పంపావు. వారమంతా ఉప్పుగిన్నె ఎత్తినప్పుడల్లా చూశాను, కాగితం అక్కడే ఉంది. ఓ ఉదయం చూస్తే దాని మడత మారింది. నిన్ను అడగలేదు, ఆయన్ని అడగలేదు. పుస్తకం కోసం ఎదురుచూశాను. ఆ ఎదురుచూపుల్లో మాస్టారు ఇంట్లో కూర్చున్నారన్నది నిజం. అది తెలిసే ఎదురుచూశాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం ఆయన బ్యాగుకి పాలిష్ పెడుతుంటే అడిగాను. "పొట్టి మాటలు నువ్వే ఇచ్చావా?"

"ఏ మాటలు?"

"ఓపెన్. హార్డ్. అన్నీ."

"మాటలకి పట్టా ఉందా ఎవరికైనా? డిక్షనరీలో లేనివా అవి?"

"నా దిండు డిక్షనరీలో లేదు."

"దిండు మనదేగా!" అన్నారు. నవ్విస్తే నేను ఊరుకుంటానని ఇన్నేళ్ల అలవాటు. నేను నవ్వలేదు. అప్పుడు పాలిష్ గుడ్డ కింద పెట్టారు. "వాక్యాలు నేనే తయారు చేశానని చెప్పాను. మేనేజరు భుజం తట్టాడు. నా భుజం ఎవరైనా తట్టి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా?"

"ఒక మాస్టారిని ఇంట్లో కూర్చోబెట్టారు, నువ్వు చేసిన పనికి."

"ఆయనెవరో నాకు తెలీదే. మొహం కూడా చూడని మనిషికి నేనేం ద్రోహం చేశాను?"

ఆయన ఆ మాట నిజంగానే అన్నారు, పొట్టీ. తప్పించుకోవడానికి కాదు. అర్థం కాక అన్నారు. ఆగస్టు ఉత్తరం నేను బల్ల దగ్గర చదివి ఉంటే ఆయనకి మాస్టారెవరో తెలిసేది. చదవలేదు.

మీ యజమానికి రాసిన ఉత్తరం దీనిలోనే ఉంది. కాగితం నా ఇంట్లోంచి పోయిందని, ఎవరు తీసుకెళ్లారో, ఎవరికిచ్చారో, మాస్టారికి ఇందులో సంబంధం లేదని రాశాను. విశేషణాలేమీ లేవు. కింద నా సంతకం ఉంది. ఆయన సంతకం పెట్టలేదు. నేను రాస్తున్నానని చెప్పాను. "రాస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నారు. పోతుందన్నాను. కాసేపయ్యాక బ్యాగులోని మచ్చు పుస్తకాలన్నీ తీసి బల్ల మీద కుప్పపోసి, ఖాళీ బ్యాగు మేకుకి తగిలించి బయటికి వెళ్లారు. భోజనానికి వచ్చారు. మాట్లాడుకోవడం లేదు.

ఆ కవరు అంటించలేదు. నువ్వు చదువు. అందులో ఎక్కడైనా మా ఆయన్ని కాపాడినట్టు కనిపిస్తే కొట్టెయ్యి. తర్వాత నువ్వే అంటించి ఇవ్వు.

నా మీద అనుమానపడ్డందుకు కోపం లేదు. నీ స్థానంలో నేనుంటే రెండు నెలల ముందే పడేదాన్ని.

అక్క


ఆఫీసు, మూడో అంతస్తు, మాస్టారి బల్లకి ఎదురుగా
ఫిబ్రవరి

అక్కకూ, బావకూ,

ఈ ఉత్తరం ఇంటి చిరునామాకే రాస్తున్నాను. ఈసారి మరిచిపోయి కాదు.

అక్కా, నీ ఉత్తరంలో కొట్టెయ్యాల్సింది ఏమీ కనిపించలేదు. అంటించి యజమానికిచ్చాను. దానితో పాటు, నేను జూన్ నుంచి నీకు పేజీలు పంపుతున్న సంగతి కూడా చెప్పాను. ఆయన ప్రెస్సులకి రాసిన ఉత్తరం చింపేశారు. అట్ట మీద నా పేరు ఉండదు. ఇంకో ఏడాది దాకా మాస్టారు చూడందే నా పేజీ ఏదీ ముందుకు పోదు. ఆయన బల్ల ఎదుటికి నా బల్ల జరిపించారు. న్యాయంగానే ఉంది.

మనిషి దగ్గర సీక్రెటివ్ ఉంచాం. కేజీ కొట్టేశాం.

మిగిలింది బావకి.

బావా, మీరు దీన్ని విప్పారో లేదో తెలియదు. విప్పకపోతే అక్క మీ చేతిలో పెడుతుంది. బల్ల దగ్గర ఎప్పటిలాగే గట్టిగా చదవండి. మధ్యలో ఆపొద్దు. మొహం కూడా చూడని మనిషని అన్నారట కదా, అందుకని ఆయనెలా ఉంటారో రాస్తున్నాను.

మాస్టారు సన్నగా ఉంటారు. చొక్కా జేబులో ఎర్ర పెన్ను, నీలం పెన్ను. ఉండేది ఒకే గది, కిటికీ పెద్దది, అందుకే ప్రూఫులు ఇంటికి పట్టుకెళ్లేవారు. పోయిన నవంబరులో నేను పండ్లు తీసుకుని వెళ్లినప్పుడు, ఇంట్లో దిద్దడానికి ఏమీ లేక మందుసీసాల మీది చీటీలు దిద్దుతున్నారు. పై వరస పళ్లు సగంలో ఆగిపోయాయి. పని లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదట. నేను తీసుకెళ్లిన పండ్లు కొరకలేక, కోసి నాకే పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టిన మొదటి మాట నాది. రెండోది మీ పని.

ఇప్పుడు మళ్లీ పనిలోకి వచ్చారు. పళ్లు పూర్తయ్యాయి. కొత్త పళ్లతో "స" పలికితే ఈల వస్తుంది. టైపు అమ్మాయి నవ్వు ఆపుకోలేక కాగితం చాటున దాక్కుంటోంది. ఆయనా నవ్వుతున్నారు. ఈ ఉత్తరం కూడా ఆయన చూశారు. దిద్దడానికి ఏమీ లేదన్నారు.

ఆయన్ని చూడాలనుంటే మార్కెట్ వీధి బస్సు ఎక్కండి. మూడో అంతస్తు. గుమ్మం దగ్గర గొడుగు ఆరబెట్టి ఉంటుంది.

పాప వింటోంది కదా, మీ గురించి ఇంతకన్నా రాయను. ఇక ఉత్తరం అక్క చేతికివ్వండి.

పొట్టి